నాలుగవ పాదము విరిగినప్పుడు

చికిత్సకు నాలుగు పాదములున్నవని చరక మహర్షి తన సంహితయందు నిర్దేశించెను. వైద్యుడు మొదటి పాదము. ఔషధము రెండవది. పరిచారకుడు మూడవది. రోగి నాలుగవది. మంచమునకు నాలుగు కోళ్లవలె ఈ నాలుగును సమముగ నిలిచినపుడే ఆరోగ్యము నిలుచును. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములుండవలెనని కూడ ఆయన చెప్పెను. రోగికి ఉండవలసిన గుణములలో మొదటిది స్మృతి, అనగా జ్ఞాపకశక్తి. తక్కినవి వైద్యుడు చెప్పినట్లు నడచుకొనుట, భయపడకుండుట, తన బాధను తాను విప్పి చెప్పగలుగుట.

ఇచట ఒక ప్రశ్న ఉదయించును. శిరస్సునకే దెబ్బ తగిలి స్మృతియే చెదరిన రోగి సంగతి యేమి? వైద్యుడు చెప్పిన మాట అతని మనస్సున నిలువదు. భయమును అణచుకొను శక్తి అతనికి లేదు. బాధను తెలుపుటకు మాట రాదు. రోగికి కావలసిన నాలుగు గుణములును ఒక్క దెబ్బతో పోయినవి. నాలుగవ కోడు విరిగిన మంచమును నిలుపునది ఏది? ఈ ప్రశ్న వైద్యులది మాత్రమే కాదు, ధర్మమును విచారించువారందరిదియు.

శిరస్సు యొక్క సున్నితత్వమును మన పూర్వులు ఎరుగకపోలేదు. శిరస్సు, హృదయము, వస్తి అను మూడింటిని చరకుడు ప్రధాన మర్మములుగ ఎన్నెను. సుశ్రుతుడు దేహమునందు 107 మర్మములను లెక్కించి, వానిలో 37 మెడయందును శిరస్సునందును కలవనెను. దేహములో చిన్న భాగమైన తలకు మూడవవంతుకు పైగా మర్మములను కేటాయించిన ఆ శాస్త్రకారుని చూపు గమనింపదగినది.

విషయము తేటపడుటకు ఒక దృష్టాంతమును గైకొందము. గోదావరి కాలువల క్రింద ఒక పల్లె. అందు ఒక కౌలురైతు కుమారుడు, పదహారేండ్లవాడు. జ్యేష్ఠమాసమున ఒక సాయంకాలము పెదనాన్న కుమారుని మోటారు సైకిలును అడిగి తీసికొని, హెల్మెట్టు లేకయే కాలువగట్టు వెంట పోవుచుండెను. గేదె అడ్డము వచ్చెను. పిల్లవాడు ఎగిరి తూము రాతిపై పడెను. నెత్తురు చెవినుండి కారుచుండెను. పిలిచినను పలుకు లేదు.

జనము మూగిరి. “పోలీసు కేసవుతుంది, ముట్టుకోకండి” అని ఒకడు హెచ్చరించెను. “వాడి ఖర్మ అలా ఉంది, ఎవరేం చేస్తారు?” అని మరియొకడు నిట్టూర్చెను. కొబ్బరికాయలు దింపు కూలివాడొకడు మాత్రము జనమును త్రోసికొని వచ్చి, 108కి ఫోను చేయుమని ప్రక్కవానిని పురమాయించి, మెడ కదలకుండ ఆ తలను రెండు అరచేతుల నడుమ పట్టుకొని, అంబులెన్సు వచ్చువరకు మట్టిలో మోకాళ్లపై కూర్చుండెను.

ఆ గట్టుమీద వినవచ్చిన రెండు మాటలను విచారింపవలసియున్నది. మొదటిది భయమునుండి పుట్టినది. దానికి నేడు ఆధారము లేదు. ప్రమాదమున పడినవానికి తోడ్పడినవారిని వేధింపరాదన్న మార్గదర్శక సూత్రములకు 2016లో సుప్రీంకోర్టు చట్టబలము కల్పించినది. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి, సద్బుద్ధితో సాయపడినవానిపై సివిలు బాధ్యత గాని క్రిమినలు బాధ్యత గాని మోపరాదని శాసించిరి. ఆ సవరణయే పసివారి చేతికి బండినిచ్చిన పెద్దలను కూడ దోషులుగ చేసినది. సాయపడిన చేతికి అభయమును, తాళపుచెవి నిచ్చిన చేతికి దండనను విధించిన ఈ శాసనము ధర్మమునకు దూరమైనది కాదు.

రెండవ మాట కర్మను గూర్చినది. అది మరింత ప్రమాదకరము, ఏలయన అది శాస్త్రము వేషమున వచ్చును. కర్మసిద్ధాంతము అసత్యము కాదు. అయితే అది ఎవరు ఎవరిని గూర్చి పలుకవలసిన మాట? తనకు కష్టము వచ్చినపుడు “ఇది నా కర్మఫలము” అని తలచినవాడు ఇతరులను నిందింపక ఓర్పును పొందును. ఎదుటివాని కష్టమును చూచి “అది వాని కర్మ” అని తలచినవాడు తన పనిని తప్పించుకొనును. ఔషధము ఒక్కటే అయినను, తాను త్రాగిన ఆరోగ్యము, ఎదుటివాని కంట పోసిన అంధత్వము. ఆ బాలుడు పడుటకు ఏ పూర్వకర్మము హేతువో ఎవ్వరికిని తెలియదు. అతడు పడియుండగా చూచినవాని కర్మ మాత్రము ఆ క్షణముననే ఆరంభమైనది.

పతంజలి మహర్షి చిత్తప్రసాదమునకు నాలుగు భావనలను ఉపదేశించెను. సుఖించువారి యెడ మైత్రి, దుఃఖించువారి యెడ కరుణ, పుణ్యాత్ముల యెడ ముదిత, పాపుల యెడ ఉపేక్ష. లోకమున జరుగుచున్న పొరపాటేమనగా, దుఃఖితుని పూర్వజన్మ పాపిగ ఊహించి, కరుణ చూపవలసిన చోట ఉపేక్ష చూపుట. యోగసూత్రము దీనికి తావొసగలేదు.

ఇక ఆ బాలుని జిల్లా కేంద్రములోని ఆసుపత్రికి చేర్చిరి. తలకు దెబ్బ తగిలినవాని స్పృహను కొలుచుటకు 1974లో గ్లాస్గో నగరమునకు చెందిన టీస్‌డేల్, జెన్నెట్ అను వైద్యులు ఒక కొలమానమును ఏర్పరచిరి. కన్ను తెరచుట, మాట పలుకుట, అవయవము కదల్చుట అను మూడింటిని పరీక్షించి 3 మొదలు 15 వరకు అంకెను నిర్ణయింతురు. 8 గాని అంతకు తక్కువ గాని అంకె వచ్చినచో గాయము తీవ్రమైనదని భావింతురు. ఈ బాలునికి 6 వచ్చెను. గాయపడిన మెదడు వాచును. కపాలము పెట్టెవంటిది, సాగదు. వాచిన మెదడు తన్ను తానే నలుపుకొనును. అందుచే వైద్యులు కపాలములో ఒక పలకను తొలగించి, దానిని బాలుని పొట్ట చర్మము క్రింద భద్రపరచిరి. వాపు తగ్గిన కొన్ని నెలలకు మరల దానిని యథాస్థానమున అమర్చుదురు.

ఆ మొదటి నెలలో పల్లె తన ధర్మమును చక్కగ నెరవేర్చెను. యువకులు రక్తమిచ్చిరి. స్త్రీలు వంతులవారీగ అన్నము వండి బస్సులో క్యారియరు పంపిరి. తండ్రి ఆసుపత్రి వరండాలో కూర్చుండగా అతని రెండెకరముల కౌలుచేనిలో ఇరుగుపొరుగువారు నాట్లు వేసిరి. గుడిలో ప్రతిదినము అర్చన జరిగెను. పందొమ్మిదవ దినమున బాలుడు కన్ను తెరచెను. ఊరంతయు కొబ్బరికాయలు కొట్టి కథ సుఖాంతమైనదని భావించెను.

నిజమునకు కథ అప్పుడే ఆరంభమైనది.

నాలుగవ నెలకు బాలుడు ఇంటనుండెను. తలపై వెండ్రుకలు పెరిగి కుట్ల గుర్తు కప్పబడెను. చూచువారికి అతడు స్వస్థుడు. అయితే ఉదయము తిన్నది మధ్యాహ్నమునకు జ్ఞాపకముండదు. పదిమంది ఒక్కమారు మాటలాడినచో చెవులు మూసికొని అరచును. పగలెల్ల నిద్రించును. ఒకనాడు ప్రాణస్నేహితుడు పరిహాసమాడగా చేతనున్న చెంబును విసరికొట్టెను. స్నేహితుని కనుబొమ్మ చిట్లెను. ఆ దినము మొదలు అతడు రాలేదు. పిమ్మట ఒక్కొక్కరుగ అందరును మానిరి. “తగ్గిపోయిందిగా, ఇంకా ఏమిటి వాడి పొగరు?” అన్న మాట అరుగులపై వినవచ్చెను.

కాలికి కట్టు ఉన్నవానిని ఎవ్వరును పరుగెత్తుమనరు. కనబడు గాయమునకు లోకము దయ చూపును. మెదడులో నిగ్రహమును నడుపు భాగము గాయపడినచో కోపము కట్టు తెంచుకొనును, అది పొగరు కాదు. ఆ గాయమునకు కట్టు కనబడదు గనుక దయయు కనబడకుండ పోవును. ఇదియే ఇట్టి రోగి పొందు రెండవ దెబ్బ. మొదటి దెబ్బ తూమురాతి వలన తగిలినది. రెండవది మనుష్యుల వలన తగిలినది.

ఒక సాయంకాలము ఆ తల్లి రామాలయము మెట్లపై కూర్చుండి అర్చకునితో ఇట్లనెను. “పంతులుగారూ, వీడు నా కొడుకేనండీ? మొహం వాడిదే. లోపల ఉన్నది వాడు కాదు.”

ఈ ప్రశ్నకంటె గంభీరమైన వేదాంతప్రశ్న వేరొకటి లేదు. స్మృతి మారి, స్వభావము మారినపుడు మనుష్యుడు వాడేనా? మనస్సు, బుద్ధి, చిత్తము, అహంకారము అను నాలుగింటిని వేదాంతము అంతఃకరణమని పేర్కొన్నది. కరణమనగా పనిముట్టు. పనిముట్టును వాడువాడు దానికంటె వేరు. వీణ తంతి సడలినచో అపస్వరము పలుకును. అంతమాత్రమున వైణికుని విద్య నశించినదని ఎవ్వరును అనరు. గాయపడినది కరణము. సాక్షి యథాతథముగ ఉన్నాడు.

ఇది సత్యము. కాని ఈ సత్యమును చెప్పి తల్లిని పంపివైచుట న్యాయము కాదు. ఆమె పోగొట్టుకొన్నది సాక్షిని కాదు, గలగల మాటలాడుచు వంటింట తిరిగిన కుమారుని. ఆత్మకు దెబ్బ తగులదని బోధించి, ఆకలిగొన్న పిల్లవాని ముందు కంచము పెట్టుట మరచినవాడు వేదాంతమును సగమే ఎరిగినవాడు. అయినచో ఆ సిద్ధాంతము వలన ప్రయోజనమేమి? బాలుడు అరచినపుడు, “అరచుచున్నది సడలిన తంతి, వినుచున్నవాడు లోపలనే ఉన్నాడు” అని ఎరిగి ఆ లోపలివానితో మర్యాదగ మాటలాడుటయే ప్రయోజనము. వేదాంతము ఆ యింటిలో ఓర్పుగ మారినపుడే ఫలించినట్లు.

అర్చకుడు ఉపన్యసింపలేదు. “రేపటి నుంచి సాయంత్రం నివేదన అయ్యాక నేను వస్తానమ్మా” అని మాత్రము పలికెను. మరునాడు వచ్చి బాలుని ప్రక్కన కూర్చుండి విష్ణు సహస్రనామమున మొదటి నామమును ఉచ్చరించెను. బాలుడు ఏడవ యేట అదే గుడిలో సంత చెప్పుకొన్నవాడు. రెండవ నామమును తానే అందుకొనెను. మూడవదియు పలికెను. తల్లి తలుపు చాటున నిలిచి కన్నీరు విడిచెను. ఉదయము చెప్పిన మాట నిలువని చిత్తమున పదేండ్ల నాటి వల్లె నిలిచియుండెను. వైద్యులు దీనిని ఎరుగుదురు. క్రొత్తగ విన్నది నిలువకపోయినను, బాల్యమున మరల మరల అభ్యసించినది పలుమారు చెక్కుచెదరక యుండును.

పిమ్మట అర్చకుడు బాలునిచే నిత్యమును సంకల్పము చెప్పించెను. సంకల్పమున ఏమున్నది? తానున్న దేశము, నది, ఆ సమయమునకు సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము, నక్షత్రము, చివరకు తన గోత్రము, తన పేరు. తలకు దెబ్బ తగిలినవానిని వైద్యులు అనుదినము అడుగు ప్రశ్నలును మూడే. నీ పేరేమి? ఇది ఏ ఊరు? నేడు ఏ దినము? దిక్కుతెలియని మనస్సునకు దేశమును, కాలమును, తన్నును గుర్తుచేయుటయే ఆ ప్రశ్నల పరమార్థము. భగవంతుని ముందు నిలుచుటకు ముందు “నేనెక్కడ, ఎప్పుడు, ఎవడను” అని తెలిసికొనవలెనని మన పూర్వులు విధించిన విధియే ఆ బాలునికి ఔషధమయ్యెను. మొదట తిథి తప్పెను, మాసము తప్పెను. అర్చకుడు కసరలేదు, సరిదిద్ది మరల చెప్పించెను.

అర్చకుని వెంట తక్కినవారును కదలిరి. బడి పంతులు ఒక నోటుపుస్తకమును తెచ్చి బాలుని చొక్కా జేబున ఉంచెను. ఎవరు వచ్చినను తాము వచ్చిన సంగతి అందు వ్రాసి పోవలెను. “పొద్దున్న కొబ్బరికాయల బాబాయి వచ్చాడు. గట్టు మీద రెండు ఫర్లాంగులు నడిచాం.” “పిన్ని పెసరట్టు పెట్టింది. తిన్నాను.” తన చిత్తము దాచుకొనలేనిదానిని ఊరు ఆ పుస్తకమున దాచిపెట్టెను. స్నేహితుడు కూడ ఒక దినము తలుపు దగ్గరకు వచ్చి నిలిచెను. బాలునికి చెంబు విసరినది జ్ఞాపకము లేదు. పుస్తకములో ఆ సంగతి చదివి, చాలసేపు ఊరకుండి, “తగిలిందా?” అని అడిగెను. స్నేహితుడు కనుబొమ్మ మీది మచ్చను చూపి, “తగ్గిపోయిందిలే” అని ప్రక్కన కూర్చుండెను. తెలిసి చేయని తప్పును క్షమించుట తేలికయని అందురు. గాయము తగిలినవానికి అది తేలిక కాదు. ఆ కుర్రవాడు చేసినది చిన్న తపస్సు కాదు.

చైత్రమాసము వచ్చెను. శ్రీరామనవమికి పందిరి వేసి మైకు కట్టిరి. రాత్రి పొద్దుపోవువరకు మైకు మ్రోగిన బాలుడు తల గోడకు కొట్టుకొనునని తండ్రి చేతులు జోడించి విన్నవించెను. “ఒక్క పిల్లాడి కోసం రాములవారి మైకు ఆపుతామా?” అని పెద్దలలో ఒకరు ఆక్షేపించిరి. అర్చకుడు అనెను, “రాములవారికి మైకు లేకపోయినా వినపడుతుంది బాబూ. మైకు ఉంటే ఆ పిల్లాడికి నిద్ర పట్టదు.” ఆ యేడు భజన మైకు లేకయే జరిగెను. ఉత్సవమునకు లోపమేమియు కలుగలేదు. ఒకని బాధపై నిలిచిన ఘోషను భగవంతుడు భక్తిగ స్వీకరించునా? ఇది ప్రతి ఊరును తన్ను తాను అడుగుకొనవలసిన ప్రశ్న.

మెదడు గాయమునుండి తేరుకొను రీతిని గమనించిన ఆశ్చర్యము కలుగును. చెడిన భాగము మునుపటివలె మరల మొలకెత్తదు. దాని యిరుగుపొరుగున చెడక మిగిలిన భాగములు, మరల మరల చేయించిన అభ్యాసముచే, ఆ పనిని కొంతవరకు తాము నేర్చుకొని మోయును. తండ్రి చేనిలో పొరుగువారు నాట్లు వేసినట్లే ఇది. కపాలము లోపల ఏ ధర్మము నడచుచున్నదో వెలుపల ఊరిలోను అదే నడువవలెను. లోపలి పొరుగు పని నేర్చుకొనుటకు నెలలు, సంవత్సరములు పట్టును. అంతకాలమును వెలుపలి పొరుగు నిలిచియుండవలెను. నాలుగవ కోడు విరిగిన మంచమును నిలుపునది ఇదియే. రోగికి లేని స్మృతి పరిచారకుని స్మృతియగును. రోగికి లేని ధైర్యము పరిచారకుని ధైర్యమగును. పరిచారకునికి చరకుడు చెప్పిన గుణములలో అనురాగమొకటి. మూడవ పాదము రెండు పాదముల బరువును మోయునది ఆ అనురాగబలముననే.

ఈ ధర్మమునకు శ్రీమద్రామాయణమున ఒక నిదర్శనము కలదు. పసివాడైన ఆంజనేయుడు ఉదయసూర్యుని పండుగ భావించి ఎగిరెను. ఇంద్రుని వజ్రము తగిలి కొండపై పడెను. ఎడమ దవడ విరిగెను. వాయుదేవుడు బిడ్డను గుహలోనికి గొనిపోయి లోకమున సంచారము మానెను. ఒక్క బిడ్డ పడినందుకు ముల్లోకములును ఊపిరాడక తల్లడిల్లెను. దేవతలందరును బ్రహ్మను ముందిడుకొని ఆ గుహకు వచ్చిరి. బ్రహ్మ చేతితో నిమిరెను, బిడ్డ లేచెను. కొట్టిన ఇంద్రునితో సహా దేవతలు తమ తమ శక్తుల నొసగిరి. వాయువు చేసిన పని యొక దేవుని కోపము మాత్రమే కాదు. బిడ్డ పడియుండగా లోకము యథాప్రకారము సాగరాదన్న ధర్మము అందున్నది.

అంతటితో ముగియలేదు. పిమ్మట ఋషుల శాపముచే ఆంజనేయుడు తన బలమును తాను మరచెను. సముద్రతీరమున వానరులందరును దిగులుపడి కూర్చుండగా, వృద్ధుడైన జాంబవంతుడు దగ్గరకు వచ్చి, అతడెవరో, ఏ బిడ్డయో, ఎంతటివాడో అతనికి గుర్తుచేసెను. మరచినవానికి అతని వృత్తాంతమును చెప్పు పెద్ద ఒకడుండవలెను. అట్టివాడు ఉండుటచేతనే సముద్రలంఘనము జరిగెను. ఒకప్పుడు తాను పడి, పదుగురిచే లేవనెత్తబడినవాడే తరువాత లక్ష్మణుడు పడియుండగా ఓషధీపర్వతమును మోసికొని వచ్చెను.

ఇంకొక విశేషము. ఆ దవడ గుర్తు పోలేదు. హనువు విరిగినవాడు గనుకనే హనుమంతుడయ్యెను. భక్తులు నేడు కొలుచు ఆ నామమే గాయపు గుర్తు. మునుపటివలె అగుట మాత్రమే స్వస్థతయని భావించుట పొరపాటు.

రెండేండ్లు గడచినవి. బాలుని కుడిచేయి కొంత మందముగనే కదలును. అతడు పరీక్షలను ఒక్కొక్క విషయముగ వ్రాయుచున్నాడు. చొక్కా జేబున నోటుపుస్తకము ఇప్పటికిని ఉన్నది, అది అయిదవది. సాయంకాలము గుడిలో సంకల్పము తప్పులేకుండ చెప్పును. ఒకనాడు వృద్ధుడైన అర్చకుడు చవితియని పలుకగా, “పంతులుగారూ, చవితి మధ్యాహ్నమే వెళ్లిపోయింది. ఇప్పుడు పంచమి” అని సరిదిద్దెను. అర్చకుడు పంచాంగము తీసి చూచెను. పంచమియే.

పాఠకమహాశయులకు విన్నవింపదగినది ఒక్కటే. ప్రతి ఊరిలోను ఇట్టి యిల్లు ఒకటి ఉండును. ప్రమాదము జరిగిన మొదటి వారమున ఆ యింటికి అందరును పోవుదురు. నాలుగవ నెలలో, రెండవ సంవత్సరములో ఆ గడప ఎవరును త్రొక్కరు. దేవాలయమునకు పోవు త్రోవలో ఆ గడప తగిలినచో ఒక్క గడియ ఆగి లోనికి పోవలెను. ఆ బిడ్డను పేరు పెట్టి పిలిచి, నేడు తిథి ఏమని అడుగవలెను. తప్పు చెప్పినచో సరిదిద్దవలెను. మరునాడు మరల పోవలెను.